నెల్లూరా, ఒంగోలా: నాలుగు రోజుల ఇళ్ల వేట

మాది కందుకూరు. నేను పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. పలక పట్టుకుని బడికి పోయేనాటికి, అంటే 1970లో, కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఉద్యోగమంతా హైదరాబాదులో చేసి, ఇక రిటైరవుదాం అనుకుంటుండగా 2022 ఏప్రిల్లో చూస్తే మా ఊరు మళ్లీ నెల్లూరు జిల్లాలో తేలింది. మా నాన్న కట్టిన మిద్దె అంగుళం జరగలేదు. కలెక్టరాఫీసే ఒకసారి దగ్గరకొచ్చి, ఇంకోసారి నూరు కిలోమీటర్ల అవతలికి పోయింది. అందుకే "మీది ఏ జిల్లా?" అని ఎవరైనా అడిగితే "ఏ సంవత్సరంలో?" అంటాను.

రిటైరయ్యాక కందుకూరులోనే ఉండొచ్చు కదా అన్నారు చాలామంది. ఆ మిద్దెలో మా అన్న కొడుకు కాపురం ఉంటున్నాడు. పిల్లలతో వాడి సంసారం వాడిది. పైగా మా ఆవిడకు మోకాళ్లు, నాకు బీపీ, షుగరు. "డాక్టరు ఆటో దూరంలో ఉండాలి" అని ఆవిడ ముందే షరతు పెట్టింది. హైదరాబాదు అద్దెలకు పెన్షన్ చాలదు. కాబట్టి మిగిలినవి రెండే ఊళ్లు. ఆవిడ పుట్టిల్లు కోవూరు, పెన్న దాటితే నెల్లూరు. ఆవిడ ఓటు ఎటో చెప్పనక్కర్లేదు. నా ఓటు ఒంగోలుకి. మా ఊరికి దగ్గర, పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు అక్కడే స్థిరపడ్డాడు.

ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్లో పనిచేసినవాణ్ని. లెక్క వేయకుండా ఏదీ తేల్చను. 2025 ఫిబ్రవరిలో నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకుని, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీశాను. అద్దె, నీళ్లు, ఆస్పత్రి, రైళ్లు, కూరగాయలు, తెలిసినవాళ్లు. చివర్లో "దోమలు" అని ఇంకో గడి చేర్చాను. అది తన పుట్టింటి మీద వేసిన గడి అని మా ఆవిడకు అర్థమై, సికింద్రాబాదు స్టేషను దాకా మాట్లాడలేదు.

రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నెల్లూరు పాత పేరు విక్రమసింహపురి, బండి పేరు దాన్నుంచే. తెల్లవారుజామున ఎక్కడో బండి ఆగితే మా ఆవిడ నన్ను తట్టి లేపింది. "ఏమండీ, మీ ఒంగోలు వచ్చింది. చూసుకోండి, మళ్లీ పోతుంది" అంది. ప్లాట్‌ఫారం మీద టీ క్యాను పట్టుకున్న మనిషి తప్ప ఎవరూ లేరు. రెండు నిమిషాల్లో పోనే పోయింది. బిట్రగుంట దగ్గర వెలుతురు వచ్చింది. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు మోసిన రైల్వే ఊరు. అటుపైన పచ్చటి వరి కయ్యలు మొదలయ్యాయి. మా వైపు పొలం అంటాం, నెల్లూరు వాళ్లు కయ్య అంటారు. పడుగుపాడు దాటగానే చక్రాల చప్పుడు మారింది. పెన్న. మా ఆవిడ పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, కిటికీ ఊచల్లోంచి విసిరింది. నీళ్లలో పడిందో, ఇసకలో పడిందో.

ఇంత నెమ్మదిగా కనబడే ఏరే 2021 నవంబరులో ఇదే పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసింది, పక్కన హైవేని కూడా తెంచింది. ఆ రెండూ తెగితే మద్రాసుకీ బెజవాడకీ మధ్య దారే లేదు. మా బావమరిది స్టేషనుకొచ్చి సామాను అందుకుంటూ మొదట చెప్పిన సంగతి అదే. కోవూరు ఇంట్లో గడప దాకా నీళ్లొచ్చాయట. ఆ తర్వాతే "ఏంది బావా, ఇట్టా చిక్కిపోయినావు?" అన్నాడు.

వాళ్లు ఇప్పుడు ఉండేది నెల్లూరులోనే, వేదాయపాళెంలో. పొద్దున్నే కారం దోసె. నెల్లూరు కారం దోసె హైదరాబాదులో బోర్డుల మీద చాలాచోట్ల కనబడుతుంది గానీ, వాళ్లు ఎర్రకారాన్ని చట్నీలా పక్కన పెడతారు. ఇక్కడ దోసె పెనం మీద ఉండగానే పూస్తారు. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద. దాని మీద పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి, అంచులు లేచేదాకా వదిలేస్తారు. నోట్‌బుక్‌లో తిండికి గడి గీయలేదే అని అప్పుడు అనిపించింది. గీస్తే నెల్లూరుకి అక్కడే ఐదు మార్కులు పోయేవి, నా ఒంగోలు ఓడిపోయేది. గీయకపోవడమే మంచిదయింది.

పది గంటలకు బ్రోకరు వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో మూడు ఫోన్లు. అద్దె ఇల్లు అన్నాం, కుదిరితే తర్వాత చిన్న స్థలం కొనే ఆలోచన ఉందని కూడా నోరు జారాం. ఇక అద్దె సంగతి వదిలేసి స్థలాలే చెప్పాడు. "ఇరవై అంకణాలు సార్, తూర్పు ముఖం." నాకు గజాలు తెలుసు, సెంట్లు తెలుసు. అంకణం అంటే ఎంత అని అడిగితే నన్ను ఏ దేశం వాడివన్నట్టు చూశాడు. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపుటడుగులు, అంటే 8 గజాలు. "తిరుపతికి పోతే ఇదే అంకణం 36 అడుగులే సార్, ఆడ మోసపోబాకండి" అని జాగ్రత్త చెప్పాడు. ఆయన చెప్పిన రేటును ఎనిమిదితో భాగించి గజం లెక్కకు తెచ్చుకునేలోపు ఇంకో స్థలం చెప్పేవాడు. ముప్పై నాలుగేళ్ల అకౌంట్స్ ఆ పూట ఎందుకూ కొరగాలేదు.

మొత్తానికి మూడు అద్దె ఇళ్లు చూశాం. రామలింగాపురంలో మేడ మీద రెండు పడక గదుల ఇల్లు, 15 వేలు. మోకాళ్లకు మెట్లు పనికిరావు. మాగుంట లేఅవుట్‌లో లిఫ్టున్న అపార్ట్‌మెంటు, 20 వేలు. నా మొహం చూసి బ్రోకరే తలుపు వేశాడు. హరనాథపురంలో కింది వాటా, 13 వేలు, వెనక జామచెట్టు. ఓనరమ్మ పైన ఉంటుంది. కిటికీలకు దోమల మెష్ లేదు. "అడ్వాన్సు ఇస్తే వేయిస్తాం లేండి" అంది.

ఈ మూడిళ్లు తిరగడానికి రైలుపట్టాలు నాలుగుసార్లు దాటాం. నెల్లూరుతో చిక్కంతా అదే. రైలు లైను ఊరిని నిలువునా రెండుగా కోస్తుంది. అటూ ఇటూ పోవాలంటే ఆత్మకూరు బస్టాండు దగ్గరో, రామలింగాపురం దగ్గరో, మాగుంట లేఅవుట్ దగ్గరో అండర్‌బ్రిడ్జిలో దూరాలి. వాన గట్టిగా పడితే అవి నిండుతాయి. ఎండలు ముదురుతున్న ఫిబ్రవరిలో కూడా ఒకదాంట్లో ఊట నీరు కాలిమడమ ఎత్తున నిలిచి ఉంది. మా ఆటో సరిగ్గా దాని మధ్యలో ఆగిపోయింది. నేనూ బావమరిదీ దిగి తోస్తుంటే మా ఆవిడ లోపల చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "ఒంగోలులో అండర్‌బ్రిడ్జిలు లేవా ఏం?" అంది, నేను ఇంకా ఏమీ అనకముందే.

మరునాడు పొగతోట. పొగాకు పండేది ఒంగోలు చుట్టుపక్కల, పొగతోట ఉన్నదేమో నెల్లూరులో. ఈ పొగతోటలో ఇప్పుడు ఆస్పత్రులు తప్ప వేరే పంట లేదు. వీధి పొడుగునా ఎముకలు, గుండె, కిడ్నీ, పిల్లలు అని బోర్డులు, వాటి మధ్య ల్యాబులు, మందుల షాపులు, కొబ్బరిబోండాల బండ్లు. ఎలాగూ వచ్చాం కదా అని మా ఆవిడ మోకాళ్లు చూపించుకుంది. టోకెను తీసుకున్నాక మూడు గంటలు కూర్చోబెట్టారు, నాలుగు వేల పైన పరీక్షలు రాశారు, డాక్టరు చూసింది నాలుగు నిమిషాలు. మాత్రలు అవే, హైదరాబాదులో వాడుతున్నవే. ఆ ఆస్పత్రి పేరు ఎందుకు లెండి.

ఆ మూడు గంటలు బయట నిలబడి నేను చేసిన పని బండ్ల నెంబర్లు చూడటం. కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకటే సిరీసు వచ్చాక ఊరు తెలియడం లేదు గానీ పాత కార్లు ఇంకా చెబుతాయి. ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. ఆ ఒక్క వీధిలోనే ఏపీ 27 కార్లు ఐదు లెక్కపెట్టాను. ఒక కారు డ్రైవరు మా కందుకూరు వాడే. "మాకేముంది సార్, సింగరాయకొండ దాకా వచ్చాక గుండె అయితే అటు గుంటూరు, కాలు చెయ్యి అయితే ఇటు నెల్లూరు" అన్నాడు. నోట్‌బుక్‌లో నేను గీసిన గళ్లలో ఇలాంటి ప్రశ్న లేదు. జబ్బు చేస్తే ఈ ఊరి మనిషి ఎటు బయల్దేరతాడు?

నెల్లూరు వాళ్లు ఊళ్లోనే తిరుగుతారు, అది దాటితే మద్రాసు బయల్దేరతారు. ఊళ్లో ఒక బస్టాండుకు ఇప్పటికీ మద్రాసు బస్టాండనే పేరు. మద్రాసు చెన్నై అయ్యి ఎన్నేళ్లయినా అది మారలేదు. 175 కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి వస్తారు. చీరలకు అక్కడికే, వీసాకు అక్కడికే, బైపాసు ఆపరేషనుకూ అక్కడికే. అమెరికాలో ఉన్న మా అమ్మాయి దిగినా అక్కడే దిగాలి.

సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాయకుల స్వామి గుడికి వెళ్లాం. గోపురం వెనకే ఏరు. 2022లో కట్టడం పూర్తయిన బ్యారేజీ మీద జనం చల్లగాలికి నడుస్తున్నారు. నడకకు ఇంతకంటే మంచి చోటు ఒంగోలులో లేదని నాకు తెలుసు, పైకి ఒప్పుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు బావమరిది భార్య స్వర్ణాల చెరువు వైపు చూపించి, "వదినా, మొహర్రం నెల్లో రొట్టెల పండక్కి రండి. సొంతింటి రొట్టె పట్టుకుంటే ఈ బ్రోకర్ల బాధ ఉండదు" అంది. బారా షహీద్ దర్గా దగ్గర చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు, తమ కోరిక తీరిన ఏడాది తామూ వచ్చి రొట్టె ఇస్తారు. ఇంటికి ఒక రొట్టె, పెళ్లికి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి. హిందువులూ ముస్లిములూ అందరూ దిగుతారు. మోకాళ్ల రొట్టె ఉందా అని మా ఆవిడ అడిగింది.

రాత్రి చేపల పులుసు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. మామిడికాయ ఇంకా సరిగా రాలేదని నొచ్చుకుంటూనే పెట్టారు. నిన్న రాత్రి చేసి నేడు వడ్డించిన పులుసు. పడుకోబోయేముందు దోమతెర కట్టారు. నెల్లూరు దోమల గురించి చిన్నప్పటి నుంచి విన్న జోకులన్నీ నిజమే. తెర నాలుగు అంచులూ పరుపు కిందికి దోపి, లోపల చిక్కుకున్న రెండింటిని బ్యాటుతో కొట్టి, దీపం ఆర్పితే, మూడోది చెవి దగ్గరకొచ్చింది. "అవి కొత్తవాళ్లనే కుడతాయి" అంది మా ఆవిడ, పుట్టింటి పక్షం వదలకుండా.

మూడో రోజు పొద్దున ఒంగోలుకి ఆర్టీసీ బస్సు. నూట ఇరవై కిలోమీటర్లు. కావలి దాకా కయ్యలు, చెరువులు. కావలి అంటే నాకు 1989 నవంబరు తుఫానే. అది తీరం దాటింది అక్కడే. ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడితోటలు నిండా పూత మీద ఉన్నాయి. బుట్టల్లో సపోటాలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. సింగరాయకొండలో ఎడమ చేతికి తిరిగితే మా ఊరు. బస్సు నేరుగా పోయింది. టంగుటూరు వచ్చేసరికి కిటికీలోంచి వాసన కొట్టింది. బ్యారన్లలో, అంటే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే కొట్టాల్లో, పొగాకు కాలుస్తున్న వాసన, బెల్లం పాకం మాడుతున్నట్టు ఉంటుంది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ అద్దం ఇంకొంచెం తెరిచాను. చిన్నప్పుడు స్కూలు ఫీజు ఈ వాసన వచ్చాకే కట్టేవాళ్లం.

మా వాడు స్కూటరేసుకుని బస్టాండుకొచ్చాడు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, సోషల్ చెప్పేవాడు. "ఏరా, రిటైరైతే గానీ మేం గుర్తుకురాలేదా?" అన్నాడు. మా ఆవిణ్ని ఆటో ఎక్కించి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని లాయర్‌పేటలో వాళ్లింటికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా చేత్తో చూపిస్తూ వచ్చాడు. ఇది ట్రంక్ రోడ్డు, అటు సంతపేట, ఇది చర్చి సెంటరు. నెల్లూరులోనూ ట్రంక్ రోడ్డు ఉంది, సంతపేట ఉంది. ట్రంక్ రోడ్డయితే రెండూళ్లకూ ఒకటే, మద్రాసు నుంచి కలకత్తా పోయిన పాత బాట. ఊళ్లు మాత్రం ఒక సైజు కాదు. 2011 లెక్కల్లో నెల్లూరు ఐదు లక్షలకు అటూఇటూ, ఒంగోలు రెండు లక్షల పైచిలుకు. అది 2004లో కార్పొరేషన్ అయింది, ఇది 2012లో. ఆ తేడా ఒంట్లో తెలుస్తుంది. ఒంగోలులో ఏ పని మీద పోయినా పది నిమిషాలు. మధ్యాహ్నంలోపే నాలుగిళ్లు చూసేశాం, అందులో మూడు నడిచే చూశాం. అద్దెలు తొమ్మిది, పది వేలు. ధర గజాల్లో చెప్పారు. ప్రాణం లేచొచ్చింది.

నాలుగో ఇల్లు భాగ్యనగర్‌లో. చిన్న అపార్ట్‌మెంటు, మొదటి అంతస్తు, లిఫ్టుంది, గాలి బాగా వస్తోంది, తొమ్మిదిన్నర వేలు. ఇదే ఖాయం అనుకుంటూ కిందికి దిగాను. సెల్లారులో వరసగా పన్నెండు నీలం డ్రమ్ములు కనబడ్డాయి. ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో ఫ్లాటు నెంబరు. మూతలు ఎగిరిపోకుండా గ్రానైటు ముక్కలు పెట్టారు. 201 వాళ్ల డ్రమ్ముకైతే మూతకు రంధ్రం చేసి, గొలుసు దూర్చి, తాళం వేశారు. వాచ్‌మన్ చేతిలో పొడవాటి వెదురు కర్ర, దాని మీద కత్తితో గాట్లు. సంపు మూత తీసి కర్ర దింపి, పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో చూసి నాకు చూపించాడు. "ఈ గాటు దాకా ఉంటే మూడు రోజులు నడుస్తది సార్. ఇక్కడికొస్తే ట్యాంకరుకి ఫోన్ చెయ్యాల." మా వీధికి మున్సిపాలిటీ నీళ్లు మూడు రోజులకోసారి అని, అదీ తెల్లవారుజామున అని చెప్పాడు. డ్రమ్ముకి తాళం ఎందుకయ్యా అంటే నవ్వాడే గానీ చెప్పలేదు.

మా వాణ్ని నిలదీశాను. పెన్న లాంటి ఏరు పక్కన పెట్టుకుని పుట్టిన ఊరు కాదురా ఇది అన్నాడు. సాగర్ కుడికాలువ నీళ్లు తెచ్చి ట్యాంకుల్లో నింపుకుని వేసవి గడపాలి. గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గర రిజర్వాయరు ఉందంటే, 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయి నీళ్లన్నీ సముద్రం పాలయ్యాయి. ఆ గేట్ల మాట ఎత్తితే వాడికి ఒళ్లు మండుతుంది. నన్ను శాంతపరచడానికి సాయంత్రం ఊరి నడుమ కొండ మీద చెన్నకేశవస్వామి గుడికి ఎక్కించాడు. ఆడవాళ్లిద్దరూ కింద ఉండిపోయారు. పైనుంచి ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంది. అక్కడ కూర్చోబెట్టి సోషల్ క్లాసు పీకాడు. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు ఇక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని పెట్టించాడు. కరువు తగ్గాక 1878 జులైలో ఒక్కరోజున గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. "ఈ ఊరి చరిత్ర ఎక్కడ తవ్వినా నీళ్ల దగ్గరకే వస్తుందిరా" అన్నాడు. అయితే తొమ్మిదిన్నర వేలకు ఇల్లు ఎందుకిస్తున్నారో ఇప్పుడర్థమైంది అన్నాను.

వాడికి నెల్లూరంటే చిన్నప్పటి నుంచీ మంట. కారణం అడిగితే గిత్త దగ్గర మొదలుపెడతాడు. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్ వెళ్లాయి. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి మారింది గానీ, ఈలోపే ఆ దేశంలో వాటికి నెలోర్ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ మధ్య బ్రెజిల్ ఆవు ఒకటి నలభై కోట్లు పలికిందని టీవీలో వస్తే మా వాడు సంతోషించాడా, లేదు. "గిత్త మాది, పేరు వాళ్లది" అని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట. ఆ మాట వాళ్లావిడే చెప్పింది.

ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పింది. నాలుగో రోజు పొద్దున వంటింట్లో, మెరిసే చుక్కల నల్లరాతి గట్టు మీద గోరుచిక్కుళ్లు గిల్లుతూ. ఆ రాయి చీమకుర్తి గెలాక్సీ. ప్రపంచమంతా కొనుక్కునే రాయి, అంచు విరిగిన పలక కాబట్టి వాళ్లకు చవగ్గా వచ్చింది. "రెండేళ్ల కిందట రాత్రి పన్నెండింటికి గుండెల్లో నొప్పొచ్చింది అన్నయ్యా. దగ్గర్లో ఒక ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు గంటలు ఉంచుకుని, మా వల్ల కాదు గుంటూరు తీసుకెళ్లండి అన్నారు. అంబులెన్సులో మేదరమెట్ల బోర్డు చూశాను. మార్టూరు చూశాను. చిలకలూరిపేట దాకా తెలివుంది. తర్వాత తెలీదు." నూట పది కిలోమీటర్లు. చెబుతూ చిక్కుళ్లు గిల్లడం ఆపలేదు. మా ఆవిడ చేతిలో కాయ మాత్రం అలాగే ఉండిపోయింది. సందులోంచి కర్నూలు రోడ్డు మీద రాయి లారీలు గేరు మార్చే చప్పుడు వినబడుతోంది. ఒక్కో లారీ మీద ఒక్కటే బండ.

ఒంగోలు మొహం గుంటూరు, బెజవాడ వైపు. నెల్లూరుది మద్రాసు వైపు. మధ్యలో పుట్టినందుకు మేం రెండు వైపులా చూస్తూ పెరిగాం. అరవై దాటాక ఒకవైపు తేల్చుకోవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు. నాకైతే ఉండటానికి ఒంగోలే నచ్చింది. నడిచి తిరిగే ఊరు, అర్థమయ్యే ధర, ఒరేయ్ అని పిలిచే మనిషి. ఆరోగ్యం బాగుంటే రెండో ఆలోచనే ఉండేది కాదు.

అల్లూరయ్య మైసూర్‌పాక్ రెండు కిలోలు కట్టించుకుని రాత్రి బండెక్కాం. నోట్‌బుక్ తీసి అన్ని గళ్లూ కూడి చూశాను. నీళ్లలో నెల్లూరు, అద్దెలో ఒంగోలు, రైళ్లలో సమానం, కూరగాయల్లో సమానం, దోమల్లో సున్నా. మొత్తం వేస్తే ఒంగోలుకి ఒక మార్కు ఎక్కువొచ్చింది. మా ఆవిడకు చూపించాను. గెలిచిన ఊరి పేరు చూసింది, ఏమీ అనలేదు. నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టి, "మేదరమెట్ల ఎంత దూరం వస్తుందండీ ఇక్కణ్నుంచి?" అని అడిగింది. హరనాథపురం ఓనరమ్మకు ఆ రాత్రే ఫోన్ చేశాను.

ఏప్రిల్లో దిగాం. దోమల మెష్ ఇంకా వేయించలేదు, అడిగినప్పుడల్లా మనిషి రాలేదంటుంది. జామకాయలు మాత్రం రోజూ పంపిస్తుంది. నెలకోసారి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు పోయొస్తున్నాను. మా వాడు అలిగి నెలరోజులు మాట్లాడలేదు గానీ, తర్వాత వాడే దారికొచ్చాడు. నీళ్లొచ్చే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మోటారు వేస్తాడు. సంపు నిండేదాకా పని లేదు కాబట్టి నాకు ఫోన్ చేస్తాడు.

"వచ్చాయిరా. లేచావా?" అంటాడు.

నేను అప్పటికే లేచి ఉంటాను, బ్యాటు పట్టుకుని.